కూర్చున్న చోటికే పని రావాలంటే



మన విచారణలలో ఏ వీధికి వెళ్ళినా ఇటువంటి ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఇంటి పెద్దకు యాభై ఐదో, అరవయ్యో ఏండ్లు. చక్కెర వ్యాధి వలన కాలు తీసివేశారు. లేదా పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. లేదా చిన్ననాడు పోలియో సోకిన కాలితో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చి, ఇప్పుడు ఆ కాలు మొరాయిస్తోంది. నిన్నటి దాకా తాపీ పనికో, లారీ మీదకో, పొలానికో వెళ్ళిన మనిషి నేడు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఇంట్లోవారు చెడ్డవారు కారు. వేళకు అన్నం పెడుతున్నారు, మందులు తెస్తున్నారు. "మీరు ఊరుకోండి నాన్నా, మేమున్నాం గదా" అంటున్నారు. కాని ఆ నాన్న మనసులో ఒకే మాట తిరుగుతూ ఉంటుంది: "ఇక నేను దేనికి?"

ఈ వారం పాఠం ఆ ప్రశ్నను గురించి. అటువంటి వ్యక్తికి ఇంటి పట్టున చేయదగిన పని ఎలా వెదకాలి? ఏ పని సరిపోతుంది? ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది? ఎక్కడ సహాయం దొరుకుతుంది? వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పని ఎవరి కోసం?

1981 మే 13న రోములో రెండవ జాన్ పాల్ పాపుగారిపై కాల్పులు జరిగిన సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. మానవుని పనిని గురించి ఆయన సిద్ధపరచిన విశ్వలేఖ ఆ నెల 15వ తేదీన వెలువడవలసి ఉంది. ఆ కాల్పుల వలన ఆగిపోయింది. ఆసుపత్రి నుండి వచ్చిన తరువాతనే ఆయన దానిని చివరిసారి సరిచూచి సెప్టెంబరు 14న వెలువరించారు. దాని పేరు 'లాబోరెమ్ ఎక్సెర్చెన్స్'. అందులో 22వ భాగమంతా వైకల్యం గలవారి పనిని గురించినదే. బలవంతులకు, ఆరోగ్యవంతులకు మాత్రమే పనిలో చోటిచ్చే సమాజం బలహీనుల పట్ల అన్యాయం చేస్తున్నదని ఆయన అక్కడ బోధించారు.

ఆ లేఖలో ఒక భేదం కనబడుతుంది. పనికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి, చేసిన వస్తువు: గోడ, చొక్కా, బుట్ట. రెండవది, చేసిన మనిషి. వస్తువును బట్టి చూస్తే ఒక పని పెద్దది, ఒకటి చిన్నది. మనిషిని బట్టి చూస్తే ఆ తేడా నిలువదు. పది అంతస్తుల మేడ కట్టిన చేయి, ఈనాడు చీర అంచుకు ఫాల్ కుడితే, ఆ చేయి వెనుకనున్న మనిషి తగ్గిపోలేదు. పని మనిషి కోసం ఏర్పడింది కనుక, పనినే మనిషికి తగినట్లు మలచుకోవాలి.

ఇంటి పట్టున పని చేయటం చిన్నతనం అనుకునేవారు పునీత పౌలును తలచుకోవాలి. కొరింతు నగరంలో ఆయన అక్విలా, ప్రిస్కిల్ల దంపతుల ఇంట ఉండి, వారితోపాటు గుడారాలు కుట్టాడని అపోస్తలుల కార్యాలు 18వ అధ్యాయం చెబుతుంది. ఆ ఇల్లే ఆయనకు పనిచోటు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పని వలన మనిషికి గౌరవం కలుగుతుందంటే, పని చేయలేని మనిషికి గౌరవం లేదని అర్థం కాదు. పూర్తిగా మంచం పట్టినవారిని "మీరూ ఏదో ఒకటి చేయాలి" అని వేధించకూడదు. ఈ పాఠం చేయగల శక్తి, చేయాలనే కోరిక రెండూ ఉండి, దారి తెలియక కూర్చున్నవారి కోసం.

2. కొలతలు తీసుకుని పని వెదకండి

దర్జీ చొక్కా కుట్టేముందు కొలతలు తీసుకుంటాడు. పనిని వెదికేముందు కూడా అలాగే చేయాలి. చాలామంది "పక్కింటివారు విస్తళ్ళ మిషను పెట్టారు, మనమూ పెడదాం" అని మొదలుపెడతారు. అది ఒకరి కొలతలతో మరొకరికి చొక్కా కుట్టినట్టు అవుతుంది. ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు రాయండి.

మొదటి వరుస: శరీరం ఏమి చేయగలదు? నొప్పి లేకుండా ఎంతసేపు కూర్చోగలరు? ఏ చేయి బాగుంది? సూదిలో దారం ఎక్కించే చూపు ఉందా? మాట స్పష్టంగా ఉందా? రోజులో ఏ వేళ ఓపిక ఎక్కువగా ఉంటుంది? పోయినవాటిని గాక, ఉన్నవాటిని రాయండి.

రెండవ వరుస: ఇంతకు ముందు ఏమి వచ్చు? ముప్పయి ఏండ్లు తాపీ పని చేసినవాడు పరంజా ఎక్కలేకపోవచ్చు. కాని ఒక గదికి ఇటుకలెన్ని, సిమెంటెంత, కూలీలెందరు అనే లెక్క అతని నాలుక మీదే ఉంటుంది. ఆ లెక్క వేసి ఇవ్వటం కూడా పనే. లారీ నడిపినవాడికి దారులు తెలుసు, సరుకు రవాణా బేరాలు తెలుసు. ఫోను దగ్గర కూర్చుని రవాణా ఏర్పాట్లు చూడగలడు. బడిలో పనిచేసిన ఆమె సాయంత్రం వీధి పిల్లలకు ట్యూషను చెప్పగలదు. వయసు మళ్ళాక పూర్తిగా కొత్త విద్య నేర్చుకోవటం కంటె, పాత విద్యను కొత్త చోట కూర్చోబెట్టటం తేలిక.

మూడవ వరుస: మన వీధిలో ఎవరు దేనికి డబ్బు ఇస్తున్నారు? ఆ వీధివారు చీరలకు ఫాల్, జిగ్ జాగ్ కోసం బజారుకు వెళుతున్నారా? ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళవారు కారప్పొడులు, పచ్చళ్ళు, వడియాలు ఎక్కడ కొంటున్నారు? బట్టల ఇస్త్రీకి మనిషి ఉన్నాడా? కొనేవారు దగ్గర లేని పని, నడవలేనివారికి బరువవుతుంది. సరుకు మోసుకుని తిరగటం మళ్ళీ మరొకరి మీద పడుతుంది.

మూడు వరుసలలో ఎక్కడ ఒక పని కలుస్తుందో అక్కడ మొదలుపెట్టండి. మొదటి నెల అప్పు చేయకండి. ఇంట్లో ఉన్న సామానుతో, నలుగురు పొరుగువారి కోసం చేసి చూడండి. వారు రెండవసారి డబ్బిచ్చి అడిగితే ఆ పని నిలుస్తుంది.

3. పనిముట్టునూ చోటునూ సర్దుకోండి

కొద్దిపాటి మార్పుతో చేయలేని పని చేయగలిగిన పని అవుతుంది. కుట్టు మిషనును తొక్కటానికి రెండు కాళ్ళు కావాలి. దానికి చిన్న మోటారు బిగిస్తే ఒక్క కాలు చాలు. ఆ మోటారు పెడలును బాగున్న కాలి కిందకు జరుపుకోవచ్చు. ఒక్క చేయి పని చేసేవారికి, వస్తువును బల్లకు బిగించి పట్టి ఉంచే క్లాంపు రెండవ చేయి అవుతుంది. నేల మీద కూర్చుని అప్పడాలు వత్తలేని ఆమెకు నడుము ఎత్తు బల్ల వేస్తే చాలు. చూపు తగ్గినవారు సెల్ ఫోనులోని అక్షరాలను చదివి వినిపించే సదుపాయాన్ని ఇంట్లోని పిల్లల చేత పెట్టించుకోవచ్చు.

శరీరాన్ని కూడా కాపాడుకోవాలి. చక్రాల కుర్చీలో కూర్చునేవారు అరగంటకు ఒకసారైనా బరువు అటూ ఇటూ మార్చుకోవాలి. లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. స్పర్శ తెలియని చోట పుండు పడినట్టు కూడా తెలియదు. చక్కెర వ్యాధి వలన చేతివేళ్ళు తిమ్మిరెక్కినవారు కాగే నూనె దగ్గర, కరిగిన మైనం దగ్గర పని పెట్టుకోకూడదు. ఆయాసం ఉన్నవారికి పొగాకు, పొడుల దుమ్ము పనికిరాదు. చిన్ననాటి పోలియో ఉన్నవారు అలసట వచ్చేదాకా పని చేసి తరువాత పడుకోవటం కాక, అలసట రాకముందే ఆగటం నేర్చుకోవాలి.

4. మీ గంటకు వెల కట్టండి

ఇంటిపనిలో పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. దీనికి మన గోదావరి తీరమే సాక్ష్యం. నరసాపురం ప్రాంతపు లేసు అల్లిక మీకు తెలిసినదే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని వేలాది ఇళ్ళకు పాకింది. ఆ లేసు సముద్రాలు దాటింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఆ పల్లెలలో తిరిగి 1982లో ప్రచురించిన పుస్తకంలో ఒక చేదు నిజం చెప్పింది. ఆ స్త్రీలను ఎవరూ పనివారుగా లెక్కించలేదు. 'ఇల్లాళ్ళు తీరిక వేళ చేసే కాలక్షేపం' అన్నారు. కాలక్షేపం అన్నాక కూలి ఎందుకు పెరుగుతుంది? లాభం వ్యాపారులకు చేరింది, కళ్ళనొప్పి అల్లినవారికి మిగిలింది.

దీనికి పక్కన తెలంగాణలోని బీడీ కార్మికులను పెట్టి చూడండి. వారూ ఇళ్ళలోనే కూర్చుని చుట్టారు. పొగాకు దుమ్ము వలన ఆ పని ఆరోగ్యానికి చెడ్డదే. కాని 1966లో వచ్చిన బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవారిని కూడా కార్మికులుగా లెక్కించింది. ఆ లెక్క ఉన్నందువల్లనే వారు గుర్తింపు కార్డు, భవిష్యనిధి అడగగలిగారు. చేసినది ఇంట్లోనే అయినా, పని అని పేరు పెట్టిన చోట హక్కు అడగటానికి వీలు కలిగింది.

వైకల్యం గలవారికి, వయసు మళ్ళినవారికి ఈ ప్రమాదం రెండింతలు. "ఖాళీగా ఉండేకంటె ఎంతో కొంత వస్తుంది గదా" అని వ్యాపారి అంటాడు. ఒక్కోసారి మన ఇంట్లోవారే అంటారు. అందుచేత లెక్క రాయండి. ఉదాహరణకు, చీరకు ఫాల్ కుట్టినందుకు 80 రూపాయలు తీసుకున్నారనుకుందాం. ఫాల్ గుడ్డకు, దారానికి 35 రూపాయలు పోతే మిగిలేది 45. ఆ చీరకు గంటన్నర పట్టితే మీ గంట వెల 30 రూపాయలు. ఆ వెల మీకు సమ్మతమా? కాకపోతే రేటు పెంచాలి, లేదా చేసే పద్ధతి మార్చాలి, లేదా మరో పని చూడాలి. కరెంటు ఖర్చు, పాడైన సరుకు, తెచ్చి ఇచ్చేవారి ఆటో చార్జీ కూడా ఆ లెక్కలో రావాలి. నోటు పుస్తకంలో తేదీ, తీసుకున్న సరుకు, ఇచ్చిన సరుకు, రావలసిన డబ్బు రాసి, వ్యాపారి చేత సంతకం పెట్టించుకోండి.

5. ముందు డబ్బు అడిగితే వద్దనండి

"ఇంటి దగ్గరే టైపింగు పని, నెలకు వేలల్లో సంపాదన, ముందు రిజిస్ట్రేషను కట్టండి." "మా దగ్గర అగరుబత్తి మిషను కొనండి, సరుకంతా మేమే తిరిగి కొంటాం." ఇటువంటి ప్రకటనలు ఇంట్లో కూర్చున్నవారినే వెదుక్కుంటూ వస్తాయి. డబ్బు కట్టిన తరువాత పనిలో తప్పులున్నాయని జరిమానా అంటారు, లేదా సరుకు నాణ్యత లేదని తిప్పి పంపుతారు, చివరికి ఫోను ఎత్తరు.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: పని ఇచ్చేవారు మనకు డబ్బు ఇస్తారు, మన దగ్గర తీసుకోరు. మిషను అమ్మేవారే సరుకు కొంటామంటే, ఇప్పటికే అలా అమ్ముతున్న ముగ్గురి ఇళ్ళు చూచి రండి. బ్యాంకు ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి. ఫోను ద్వారా డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. మోసపోయినవారిని ఇంట్లో దెప్పిపొడవకండి. దెప్పులకు భయపడి చాలామంది విషయం దాచిపెడతారు, అందువల్ల నష్టం పెరుగుతుంది.

6. ప్రభుత్వ సహాయం: మొదటి మెట్టు ధ్రువపత్రం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న 1995 చట్టంలో ఏడే ఉండేవి. చాలా సదుపాయాలకు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. మన రెండు రాష్ట్రాలలో దీనిని సదరం పత్రం అంటున్నాం. మీ సేవలో గాని, సచివాలయంలో గాని అడిగితే సదరం శిబిరం తేదీ తెలుస్తుంది. దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు కూడా తీసుకోండి. "ఈ వయసులో వచ్చినదానికి పత్రం ఎందుకులే" అని వదిలివేయకండి. వైకల్యం పుట్టుకతో వచ్చినా, అరవయ్యో ఏట వచ్చినా చట్టం ముందు ఒకటే.

పింఛను సంగతి తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలు అయింది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. పని మొదలుపెడితే పింఛను ఆగిపోతుందేమోనని కొందరు భయపడతారు. ఆ నియమం ఏమిటో ముందే సచివాలయంలో గాని, ఎం.పి.డి.ఓ. ఆఫీసులో గాని అడిగి తెలుసుకుని అడుగు వేయండి.

2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులు ఉన్నాయి. వాటిలో దర్జీ పని, పూలదండలు కట్టటం, బుట్టలు, చాపలు, చీపుళ్ళు చేయటం, చెప్పులు కుట్టటం, బొమ్మలు చేయటం వంటివి కూర్చుని చేయదగినవి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సహాయం, తక్కువ వడ్డీకి రుణం అందులో భాగాలు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కనుక ఎవరి పేర పెట్టాలో ముందే ఆలోచించుకోండి. వైకల్యం గలవారి స్వయం ఉపాధికి రుణాలిచ్చేందుకు 1997లో కేంద్రం ప్రత్యేకంగా ఒక ఆర్థిక సంస్థను కూడా నెలకొల్పింది. మీ జిల్లాలో వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్ళి దాని వివరాలు అడగండి. అమ్మటానికి ఆహార పదార్థాలు చేసేవారు 2006 ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేసుకోవాలని మరువకండి.

7. ఇంటివారూ, విచారణవారూ చేయవలసినది

ఇంటివారికి మొదటి మాట. "ఊరుకోండి, మేమున్నాం" అనే మాటలో ప్రేమ ఉంది. కాని ఆ మాటే రోజూ వింటే "మీ అవసరం లేదు" అని వినిపిస్తుంది. దాని బదులు "దీనికి ఎంత తీసుకుందాం నాన్నా?" అని అడిగి చూడండి. ఇంట్లో గాలి, వెలుతురు ఉన్న ఒక మూల ఆయన పనికి కేటాయించండి. వచ్చిన డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. నెలకు 500 రూపాయలే రానివ్వండి, మనవరాలికి ఆయన స్వయంగా కొనిపెట్టిన పలక విలువ ఆయనకే తెలుసు.

విచారణవారికి రెండవ మాట. విన్సెంట్ డి పాల్ సభవారు, మరియదళంవారు వ్యాధిగ్రస్తులను దర్శించి బియ్యం, పండ్లు ఇస్తున్నారు, మంచిదే. ఆ దర్శనానికి ఒక ప్రశ్న కలపండి: "మీకు ఏమి చేయటం వచ్చు?" ఆ జవాబులు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. గుడికి కావలసిన పూలదండలు, బలిపీఠం వస్త్రాల కుట్టుపని, క్రిస్మసు పిండివంటలు ఏటా ఎక్కడో కొంటూనే ఉన్నాం. వాటిలో కొంత ఈ ఇళ్ళనుండి సరైన వెలకు కొంటే చందాల డబ్బు దానంగా కాక కూలిగా చేరుతుంది. తీసుకునేవారు తల ఎత్తుకుని తీసుకుంటారు. యువజనులు వారానికి ఒక్క పూట ముడిసరుకు తెచ్చి, తయారైన సరుకు చేరవేస్తే, నడవలేనివారికి అదే పెద్ద తోడు.

ఒక విషయంలో మాత్రం మొహమాటం వద్దు. జాలిపడి నాసిరకం సరుకు కొనకండి. బాగాలేకపోతే మర్యాదగా చెప్పి, సరిచేయించి కొనండి. జాలితో కొన్నవాడు రెండవసారి రాడు. నాణ్యత చూచి కొన్నవాడు పదిమందికి చెబుతాడు.

కుటుంబంలో కలిసి ఆలోచించుటకు

1. మన ఇంట్లోగాని, మన వీధిలోగాని "ఇక నేను దేనికి?" అని అనుకుంటున్నవారు ఎవరు?
2. వారు మునుపు చేసిన పనిలో, కూర్చుని చేయగలిగిన భాగం ఏది?
3. ఈ నెల మనం బజారులో కొనబోయే ఏ వస్తువును వారి వద్ద కొనవచ్చు?

మొదటి రెండు ప్రశ్నలు మీరు ఊహించి రాసుకోకండి. వారి మంచం పక్కన కూర్చుని, వారినే అడిగి తెలుసుకోండి. ప్రభువు మిమ్ములను దీవించును గాక.